ఒక వైరు తీస్తే ఒక వైరు

బళ్ళలో వైర్లని కలిపే పాత కప్లర్ చేతికి రాగానే విప్పడం మొదలుపెట్టకూడదు. ముందు దాన్ని వేడినీళ్ళలో నానబెట్టాలి. ఏళ్ళ తరబడి ఎండకీ ఇంజను వేడికీ ఎండిన ప్లాస్టిక్ వేయించిన అప్పడంలా ఉంటుంది. గోరు తగిలితే చాలు, లాకు చిటుక్కుమంటుంది. కాసేపు వేడినీళ్ళలో ఉంటే అదే ప్లాస్టిక్ మెత్తబడి చెప్పినమాట వింటుంది. అందుకే దూరపు దీవిలోని చెరకు మిల్లు ఊరు లంబాసాలో జైకరణ్ వర్క్‌షాపులో పొయ్యి మీద ఎప్పుడూ ఒక కెటిల్ కాగుతూ ఉండేది. టీ కోసమనుకుని కొత్తవాళ్ళు గ్లాసు పట్టుకుని వెళ్తే, మెకానిక్ ఇనోకే కడుపు పట్టుకుని నవ్వేవాడు.

ఆ కెటిల్ పర్మానంద్‌ది. ఆ బెంచీ పర్మానంద్‌ది. పాత వైపరు బ్లేడులోంచి తీసిన ఉక్కు రేకుని రాతి మీద అరగదీసి, చీమ కాలంత సన్నగా చేసుకున్న పనిముట్టూ పర్మానంద్‌దే. వైరు చివరి పిన్నుని ముందు లోపలికి నెట్టాలి. బయటికి రావలసినదాన్ని లోపలికి నెట్టడమేమిటని అందరూ అడుగుతారు. పిన్నుని పట్టుకుని ఉన్న లాకు నాలుక మీద బరువు దిగాలంటే వేరే దారి లేదు. బరువు దిగాక రేకుతో నాలుకని ఎత్తిపట్టి, వైరుని మెల్లగా వెనక్కి పిలవాలి. లాగితే విరుగుతుంది. పిలిస్తే వస్తుంది.

అలా వచ్చిన పిన్నుని అతను గరుకు కాగితంతో తుడిచి, వెంటనే కొత్త కప్లర్‌లో అదే గూటిలో పెట్టేసేవాడు. అది టక్కుమని కూర్చున్నాకే రెండోదాని జోలికి వెళ్ళేవాడు. ఒక వైరు తీస్తే ఒక వైరు పెట్టాలి. రెండు వైర్లు ఒకేసారి గాల్లో ఉండకూడదు. ఎన్నేళ్ళుగానో అదే పద్ధతి. ఊళ్ళో మిగతావాళ్ళు కప్లర్ మొత్తం ఖాళీ చేసి, కడిగి, రంగుల్ని బట్టి మళ్ళీ నింపుకునేవాళ్ళు. వాళ్ళది తొందరగా అయ్యేది. కానీ పర్మానంద్ చేసిన బస్సు తిరిగి వచ్చింది లేదు.

"మా బావ పని చూడండ్రా," అనేవాడు జైకరణ్. "ఆడపిల్లల్ని ఒక్కొక్కర్నే అత్తారింటికి పంపి, కడుపు పండిందని కబురొచ్చాక గానీ రెండోదానికి సంబంధం చూడడు."

"నువ్వు అందర్నీ ఒకే పందిట్లో కట్టబెట్టి, ఎవడి పెళ్ళాం ఎవరో తెలియక ఏడు," అనేవాడు పర్మానంద్, తలెత్తకుండానే.

జైకరణ్ పర్మానంద్ భార్య విద్యావతికి సొంత తమ్ముడు. వర్క్‌షాపు వాళ్ళ నాన్న రాంలఖన్ పెట్టింది. రాంలఖన్‌కి కొడుకు పనితనం నచ్చేది కాదు. జైకరణ్ కుర్రాడిగా ఉన్నప్పుడు ఏదైనా లాకు విరగ్గొడితే, ఆ కప్లర్‌ని వైరుతో వాడి చెవికి వేలాడగట్టి బజారులోకి పంపి పాలడబ్బా తెమ్మనేవాడు. "గిట్టలురా నీవి, చేతులు కావు. మీ బావని చూడు," అనేవాడు. కొత్తల్లుడు పర్మానంద్ కూడా ఆ మాటకి నవ్వేవాడు. మామగారు నవ్వుతుంటే అల్లుడు నవ్వకుండా ఎలా ఉంటాడు? అంతకుమించి దాని గురించి అతను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇక పద్ధతి వెనక ఉన్న సంగతి. అది పర్మానంద్‌కీ విద్యావతికీ తప్ప మూడో మనిషికి తెలియదు. అతనికి ఎరుపూ ఆకుపచ్చా వేరువేరుగా కనపడవు. నీలం కనపడుతుంది, పసుపు కనపడుతుంది, నలుపూ తెలుపూ సరే. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమరంగు మాత్రం మూడూ కలిసి ఒకే మట్టిరంగు. వైర్ల పని చేసి బతికేవాడికి ఇది ఎలాంటి లోపమో వేరే చెప్పక్కర్లేదు.

విద్యావతికి తెలిసింది పెళ్ళయిన కొత్తలో. వాకిట్లో వెదురు గడకి కట్టే హనుమంతుడి జెండా వెలిసిపోయింది, కొత్త ఎర్రబట్ట తెమ్మని పంపితే ఆకుపచ్చ బట్ట తెచ్చాడు. ఆమె నవ్వలేదు. బట్టని మడిచి పక్కన పెట్టి, తలుపు వేసి, "ఎప్పట్నుంచి?" అని అడిగింది. పుట్టినప్పట్నుంచీ అన్నాడు. ఆ రోజునుంచి ఆమె అతనికి రంగులు చెప్పడం మొదలుపెట్టింది. టమాటా పండిందనీ, పక్కింటివాళ్ళ గేటుకి కొత్తరంగు వేశారనీ, ఈ చొక్కా మీదికి ఆ ప్యాంటు వద్దనీ. పది మందిలో ఉన్నప్పుడు పెదవులు కదిలించి చెప్పేది.

అతను ప్రతి మంగళవారం రామాయణ మండలిలో కూర్చుని చదివేవాడు. గొంతు మంచిదని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు పిలిచి మరీ చదివించుకునేవాళ్ళు. ఒకసారి ఇంటికొచ్చి భార్యని అడిగాడు. "హనుమంతుడు సిందూరంతో ఎర్రగా ఉంటాడంటారు. నాకు ఆయన చెట్ల రంగులోనే కనపడతాడు. నేను మొక్కుతున్నది ఆయనకేనా?"

విద్యావతి, "ఆయనకి మీరు కనపడుతున్నారుగా. సరిపోదూ?" అంది.

ఆ జవాబుతో అతను చాలాకాలం హాయిగా బతికాడు.

రాఖీ పండగనాడు మిల్లు నడుస్తోంది. చెరకు మసి గాల్లో తేలివచ్చి ఆరేసిన బట్టల మీద వాలుతోంది. జైకరణ్ పెళ్ళాంపిల్లలతో అక్క ఇంటికి వచ్చాడు. విద్యావతి హారతి ఇచ్చి, తమ్ముడి మణికట్టుకి రాఖీ కట్టి, నోట్లో లడ్డూ పెట్టింది. "ఏం కావాలో అడుగక్కా. ఇవాళ నువ్వడిగితే కాదనకూడదు," అన్నాడు వాడు. పర్మానంద్ అప్పుడు వాకిట్లో, గాలికి వొరిగిన జెండా గడని నిలబెడుతున్నాడు. అక్కాతమ్ముళ్ళు వంటింట్లో చాలాసేపు మాట్లాడుకున్నారు. బయటికొచ్చి జైకరణ్ బావ భుజం మీద చెయ్యి వేశాడు. ఎప్పుడూ వెయ్యనివాడు.

"జెండా బాగా నిలబెట్టావ్ బావా," అన్నాడు. "ఏం రంగో!"

పర్మానంద్‌కి ఆ మాట కొంచెం వింతగా తోచింది. ఆ తర్వాత మర్చిపోయాడు.

మర్నాటినుంచి వర్క్‌షాపులో ఏదో మారింది. మధ్యాహ్నం అందరూ రొట్టెల మూటలు విప్పుకుని కూర్చున్నప్పుడు జైకరణ్ మిరపకాయల గిన్నె బావ ముందుకి తోశాడు. "బావా, పండుమిరపకాయ ఒకటి ఇలా అందుకో. పచ్చివి నాకు కడుపులో మంట." గిన్నెలో రెండు రకాలూ కలిసి ఉన్నాయి. పర్మానంద్ మెత్తగా ఉన్నదాన్ని వేళ్ళతో వెతికి ఇచ్చాడు. జైకరణ్ దాన్ని వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "సరిగ్గానే ఇచ్చావే," అన్నాడు. గొంతులో కాస్త నిరాశ ఉంది.

ఆ తర్వాత టేపులు. "ఆ ఎర్ర టేపు విసురు బావా." రెండూ ఒకేలా ఉన్నాయి, నునుపూ ఒకటే, వాసనా ఒకటే. పర్మానంద్ ఒకటి విసిరాడు. జైకరణ్ దాన్ని పట్టుకుని కడుపారా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో మిగతావాళ్ళకి తెలియలేదు. యజమాని నవ్వాడు కాబట్టి వాళ్ళూ నవ్వారు.

ఒక ఉదయం వచ్చేసరికి బెంచీ పైన మేకులకి వేలాడే వైరు చుట్టల వరస మారిపోయి ఉంది. ఆ వరస అతను పెట్టుకున్నదే. మొదటి మేకుకి ఎరుపు, చివరి మేకుకి ఆకుపచ్చ, కిటికీ పక్కన గోధుమరంగు. చీకట్లో సొంత ఇంట్లో నడిచినట్టు ఇన్నేళ్ళూ ఆ వరసలో చెయ్యి పెట్టి తీసుకున్నాడు. ఇప్పుడు ఆ మూడు చుట్టలూ మూడు మట్టి ముద్దలు.

"ఎవరు కదిపారు ఇవి?"

"బూజు దులిపించాను బావా," అన్నాడు జైకరణ్. "ఏం, నీకు కావలసినది కనపడట్లేదా?"

పర్మానంద్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఇనోకేని పిలిచాడు. "అద్దాలకి నూనె పట్టింది, ఆ ఎర్ర చుట్ట ఇలా ఇవ్వు నాయనా."

ఇనోకే పెద్ద మనిషి, నెమ్మది మనిషి. పర్మానంద్‌ని తవలే అని పిలిచేవాడు, వాళ్ళ భాషలో బావ అని. చుట్ట తీసి చేతికిచ్చి, ఒక క్షణం అతని కళ్ళలోకి చూశాడు. "తవలే, ఇది మొదటి మేకుకి పెడతాను, ఎప్పట్లాగే," అని నెమ్మదిగా చెప్పి, మూడింటినీ పాత మేకులకి మార్చేశాడు. సాయంత్రానికి జైకరణ్ మళ్ళీ మార్చించాడు.

అప్పటికి పర్మానంద్‌కి అర్థమైంది, వీడికి తెలిసిందని. ఎలా తెలిసిందో మాత్రం అర్థం కాలేదు. తనే ఎక్కడో తప్పు చేసి దొరికిపోయి ఉంటాడనుకున్నాడు. రోజూ పని కాగానే చేసినదంతా తిరగేసి చూసుకునేవాడు. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. విద్యావతి అడిగితే అజీర్ణం అన్నాడు. ఆమె వాముపొడి ఇచ్చింది.

పర్మానంద్ భయమంతా ముంతాజ్ సాహెబ్ బస్సుల గురించి. సాహెబ్‌కి కొండమీది స్కూళ్ళకి తిరిగే పాత బస్సులు చాలా ఉన్నాయి. వాటి వైరింగు పని వర్క్‌షాపుకి వస్తోందంటే అది పర్మానంద్ చేతివల్ల. సాహెబ్ ఆ మాట పైకే అనేవాడు. ఆ బస్సులు ఉన్నంతకాలం ఆ బెంచీ దగ్గర తన చోటు తనది. కళ్ళ సంగతి సాహెబ్ చెవిన పడితే బెంచీ పోతుంది. ఈ వయసులో, ఈ కళ్ళతో, వేరే వర్క్‌షాపుకి పోయి నిలబడితే మొదటిరోజే పట్టేస్తారు. అతనికి వేరే పని రాదు. వేరే పని నేర్చుకోవాలన్న కోరికా లేదు. చిన్న లాకు చేతుల్లో విరగకుండా వదిలిన ఆ క్షణంలో అతనికి కలిగే తృప్తి, నిజం చెప్పాలంటే, రామాయణం చదివినప్పుడు కూడా ఒక్కోసారి కలిగేది కాదు.

శనివారం మధ్యాహ్నం పని ఆపేసి, రేకుల షెడ్డు కింద చాప పరిచి, అందరూ యంగోనా గిన్నె చుట్టూ కూర్చున్నారు. మత్తెక్కించే ఆ మొక్క వేరు పొడిని గుడ్డలో పోసి ఇనోకే నీళ్ళలో పిసికాడు. మొదటి కొబ్బరిచిప్ప ముంతాజ్ సాహెబ్‌కి వెళ్ళింది. ఆయన బురదలో కూరుకుని నీళ్ళు పట్టిన తన బస్సుని చూసుకోవడానికి వచ్చాడు. బస్సు పక్కనే నిలబడి ఉంది.

పర్మానంద్ వచ్చి కూర్చోబోతుంటే జైకరణ్ లేచాడు. "బావా, కూర్చోకు. సాహెబ్‌కి మన పనితనం చూపిద్దాం. రా."

డాష్‌బోర్డు కింద నుంచి పెద్ద కప్లర్ వైరింగ్ కట్టని ముందుకి లాగి, డ్రైవరు తలుపులోంచి బయటికి వేలాడేసి ఉంచాడు. కట్ట చివర కప్లర్ లేదు. వైర్లన్నీ విడివిడిగా వేలాడుతున్నాయి, జుట్టు విరబోసుకున్నట్టు. పక్కన పీట మీద కప్లర్ ఖాళీగా, శుభ్రంగా ఉంది. ఒక్క లాకు విరగలేదు. ఒక్క నాలుక వంగలేదు.

పర్మానంద్ దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. ఇంత పాతదాన్ని ఇంత బాగా విప్పగలవాడు ఈ షెడ్డులో తను కాక ఇంకొకడు ఉన్నాడని అతనికి తెలియదు. "ఎవరు తీశారిది?"

"గిట్టలవాడు," అన్నాడు జైకరణ్. "పొద్దున్నించీ కూర్చుని తీశాను. నీ పద్ధతే. వేడినీళ్ళు, రేకు, లోపలికి నెట్టి వెనక్కి పిలవడం. బాగుందా?"

"బాగుంది," అన్నాడు పర్మానంద్. నిజంగానే అన్నాడు.

"అయితే పెట్టెయ్ మరి. సాహెబ్ ఈ చిప్ప తాగేలోపు."

చుట్టూ కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. పర్మానంద్ బస్సు మెట్టు మీద కూర్చుని వైర్లు ఒళ్ళోకి తీసుకున్నాడు. పసుపు వైర్లు, నీలం వైర్లు, నల్లవీ తెల్లవీ ఏరి వాటి గూళ్ళలో పెట్టాడు. టక్, టక్. చేతులు వాటంతట అవే పోతున్నాయి. సన్న చారలు ఉన్నవీ దొరికాయి. లావువి హెడ్‌లైట్లకి వెళ్తాయి, అవీ సరే. మిగిలినవి గుప్పెడు. అన్నీ ఒకే లావు, అన్నీ ఒకే మట్టిరంగు.

అప్పుడూ అతను పూర్తిగా ఆశ వదులుకోలేదు. పాత వైరుకి జ్ఞాపకం ఉంటుంది. ఏళ్ళ తరబడి ఏ గూటిలో కూర్చుందో ఆ వైపుకే వంగి గట్టిపడి ఉంటుంది. ఆ వంపుని వేళ్ళతో తడిమితే అది ఎక్కడిదో చెబుతుంది. అతను ఒక వైరుని తీసుకుని వేళ్ళ మధ్య తిప్పాడు. తిన్నగా ఉంది. ఇంకోటి. అదీ తిన్నగానే ఉంది. అన్నీ అప్పుడే చుట్టలోంచి కోసినట్టు మెత్తగా, తిన్నగా ఉన్నాయి.

"వాటిని కూడా వేడినీళ్ళలో పెట్టి, బరువు కట్టి ఆరేశాను బావా," అన్నాడు జైకరణ్, చెవి దగ్గరికి వంగి. "వంకరగా ఉంటే నీకు కష్టమని."

పర్మానంద్ తలెత్తాడు. "టెస్ట్ లాంపు ఇవ్వు. ఏది ఎక్కడికి పోతుందో ఒక్కొక్కటే చూసి పెడతాను."

"లాంపెందుకు? పట్టపగలు. దేవుడిచ్చిన కళ్ళున్నాయిగా."

"లాంపు ఇవ్వు జైకరణ్."

"ఎర్రది ఏదో చూపించు, ఇస్తాను." ఇప్పుడు గట్టిగానే అన్నాడు, అందరికీ వినపడేలా. "ఒక్కటి. చిన్నపిల్లలు బళ్ళో చూపిస్తారు."

ఎవరో నవ్వారు. ఇనోకే చిప్ప కింద పెట్టి లేవబోయాడు. "ఎడమ చేతిలో ఉన్నది తవలే, చిటికెనవేలు పక్క..."

"నువ్వు గిన్నె చూసుకో!" అని కసిరాడు జైకరణ్. "పరీక్షలో పక్కవాడు చెప్పకూడదు. చెవికి కప్లర్ కట్టించుకుని బజారు తిరిగినప్పుడు నాకెవడూ చెప్పలేదు. ఈ బావ నవ్వాడు, అంతే."

ముంతాజ్ సాహెబ్‌కి ఇంకా ఏదో సరదా అనే ఉంది. "పెట్టెయ్ పర్మానంద్ భాయ్, వాడి నోరు మూయించు," అన్నాడు.

పర్మానంద్ ఒళ్ళో వైర్లకేసి చూశాడు. ఊహించి పెట్టేయొచ్చు. కొన్ని సరిపోవచ్చు కూడా. పెట్టినట్టు నటించి, ఆనక ఎవరూ లేనప్పుడు లాంపుతో సరిచేసుకోవచ్చని ఒక్క క్షణం అనిపించింది. కానీ జైకరణ్ ఊరుకోడు, ఇప్పుడే బ్యాటరీ కలుపుతాడు, బండిని రోడ్డెక్కిస్తాడు. సోమవారం ఈ బస్సు కొండ దిగుతుంది, నిండా పిల్లలతో. వెనకున్న లారీవాడికి బ్రేకు లైటు వెలగకపోతే?

రామా, అనుకున్నాడు. నువ్వే ఏదో ఒకటి చూపించు. ఏమీ కనపడలేదు. మట్టిరంగే ఉంది.

వైర్లని మెట్టు మీద పెట్టి లేచి నిలబడ్డాడు. "నేను పెట్టను సాహెబ్. నాకు ఎరుపూ ఆకుపచ్చా తెలియవు. పుట్టినప్పట్నుంచీ తెలియవు."

నవ్వులు ఒక్కసారి పెద్దవై, వాటంతట అవే ఆగిపోయాయి. సాహెబ్ చేతిలో చిప్ప అలాగే ఉంది.

"ఇన్నేళ్ళూ నా బస్సులు నువ్వే చేశావు కదా," అన్నాడాయన.

"నేనే చేశాను. ఒక్కటి తప్పు పెట్టానా?"

"లేదు. పెట్టలేదు. కానీ చెప్పలేదు."

"చెప్పుంటే ఇచ్చేవారా?"

సాహెబ్ అబద్ధం ఆడే మనిషి కాదు. "ఇచ్చేవాణ్ణి కాదు," అన్నాడు.

"అందుకే చెప్పలేదు."

"నా మనవలు ఇదే బస్సులో పోతారు భాయ్. నువ్వు తప్పు చేయలేదు, ఒప్పుకుంటాను. ఇప్పుడు తెలిశాక మాత్రం ఆ బస్సెక్కించి నేను నిద్రపోలేను." ఆయన జైకరణ్ వైపు తిరిగాడు. "నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

జైకరణ్ ముఖంలో గెలుపు ఇంకా ఆరలేదు. ఏం అడుగుతున్నారో ఆలోచించకుండా, "రాఖీ పండగనుంచి సాహెబ్," అన్నాడు. "అక్కే చెప్పింది."

"రాఖీ తర్వాత నావి రెండు బస్సులు బయటికెళ్ళాయి. ఇతని చేతి మీదుగా. నీకు తెలిసే పంపావా?"

జైకరణ్ గిన్నె చుట్టూ కూర్చున్నవాళ్ళకేసి చూశాడు.

"ఇతనికి కళ్ళు లేవు, సరే. నీకేం లేదు?" అన్నాడు సాహెబ్. చిప్పలో మిగిలింది నేల మీద పారబోసి లేచాడు. గంటలో ఇంకో వర్క్‌షాపు లారీ వచ్చి బస్సుని తాడుతో లాక్కుపోయింది. తలుపులోంచి ఆ వైర్లు అలాగే వేలాడుతూ పోయాయి.

పర్మానంద్ అవేవీ సరిగ్గా చూడలేదు. ఒకే మాట అతని చెవిలో ఉండిపోయింది. అక్కే చెప్పింది.

ఇంటికి వెళ్ళేసరికి విద్యావతి పెరట్లో చీపురు పట్టుకుని మసి ఊడుస్తోంది. భర్త ముఖం చూసి చీపురు పక్కన పెట్టింది.

"రాఖీనాడు మీ తమ్ముణ్ణి ఏం అడిగావు?"

ఆమెకి ఆ ఒక్క ప్రశ్నతో అంతా తెలిసిపోయింది. అరుగు మీద కూర్చుండిపోయింది.

"మిమ్మల్ని ఎప్పటికీ పనిలోంచి తీయొద్దని అడిగాను," అంది. "వేసవినుంచీ నిద్రలో కలవరిస్తున్నారు. ఎర్రదా, పచ్చదా, ఎర్రదా, పచ్చదా అని. నాకు భయమేసింది. ఏదో ఒకరోజు బయటపడుతుంది, అప్పుడు వాడు గెంటేస్తాడు అనుకున్నాను. వాడికి ముందే చెప్పి మాట తీసుకుంటే మీకు అడ్డుగా ఉంటాడనుకున్నాను. రాఖీ కట్టించుకుని అక్క మాట ఎవడైనా తప్పుతాడా?"

"తప్పలేదు," అన్నాడు పర్మానంద్.

"మరి..."

"గెంటెయ్యలేదు. నువ్వు అడిగింది అదేగా."

ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది, వాడు చిన్నప్పుడు పిల్లిని కూడా కొట్టేవాడు కాదని, నాన్న కొట్టిన రోజున తన ఒళ్ళోనే పడుకునేవాడని. పర్మానంద్ వింటూ నిలబడ్డాడు. ఆమె చేసింది ప్రేమతోనే చేసిందని అతనికి తెలుసు. క్షమించడానికి అంతకన్నా ఏం కావాలి? మండలిలో తను ఎన్నిసార్లు చదవలేదు, క్షమ గురించి? కానీ లోపల ఎక్కడో బిగుసుకుపోయింది, ఎంత నెట్టినా కదల్లేదు.

"నా కళ్ళు నువ్వే అనుకున్నాను విద్యా," అన్నాడు చివరికి. "కళ్ళకి నోరుంటుందని అనుకోలేదు."

ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. మంగళవారం మండలికి రానని కబురు కూడా ఆదివారమే పంపించాడు.

సోమవారం పనికి వెళ్ళొద్దని ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అతను పక్కనుంచి తప్పుకుని వెళ్ళాడు. వెళ్ళకపోతే ఎక్కడికి వెళ్ళాలి?

బెంచీ మీద జైకరణ్ కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయో లేదో పర్మానంద్‌కి తెలియదు గానీ, ఉబ్బి ఉన్నాయి. సాహెబ్ బస్సులన్నీ పోయాయన్న సంగతి ఊరంతా పాకింది. ఆ నష్టం చేసింది తన నోరేనని జైకరణ్ ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

"వచ్చావా బావా. నీ పుణ్యమా అని మా నాన్న తెచ్చిన బేరం పోయింది."

పర్మానంద్ తన ఉక్కు రేకు కోసం బెంచీ మీదికి చెయ్యి చాపాడు.

"అయినా నేను మాట మీద ఉండేవాణ్ణి. అక్కకి మాటిచ్చాను. నీ పని నీకుంటుంది. జీతం పైసా తగ్గదు. నువ్వు ముసలైపోయి, నడుం వంగిపోయి, ఇక చాలు తమ్ముడూ వదిలెయ్ అని కాళ్ళు పట్టుకున్నా నిన్ను తీయను." లేచి, అతని చెయ్యి పట్టుకుని, షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు, మర్యాదగా, పెళ్ళిలో వియ్యంకుణ్ణి తీసుకెళ్ళినట్టు.

అక్కడ తుక్కు బళ్ళలోంచి పీకిన వైరింగ్ కట్టలు మనిషెత్తు గుట్టగా పడి ఉన్నాయి. పాములు ముడివేసుకున్నట్టు ఉన్నాయి. వాటిలోని మంచి కప్లర్లని పర్మానందే తీరిక దొరికినప్పుడల్లా విప్పి, కడిగి, దాచి పెట్టేవాడు.

"వీటిని కొయ్యి," అన్నాడు జైకరణ్, పెద్ద కత్తెర అతని చేతిలో పెట్టి. "కప్లర్లు పారెయ్, పైతొడుగు కాల్చెయ్, రాగి తుక్కువాడికి పోతుంది. రంగు చూడాల్సిన పని లేదు. దేవుడు నీకోసమే పెట్టినట్టుంది ఈ పని."

పర్మానంద్ కత్తెరని ఒకసారి తెరిచి మూశాడు. పని నేర్చుకున్నప్పట్నుంచీ, విప్పగలిగిన వైరుని అతను కోసింది లేదు. బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని ఒక కట్టని ఒళ్ళోకి లాక్కున్నాడు. మొదట చివర్లో, కప్లర్‌కి దూరంగా కోశాడు. తర్వాత కొంచెం దగ్గరగా. కత్తెర పదునైనది, ఎక్కడా ఆగలేదు. మధ్యాహ్నానికి అతని కాళ్ళ దగ్గర కప్లర్లు పోగుపడ్డాయి, ఒక్కోదానికి పొట్టిపొట్టి వైరుముక్కలు మీసాల్లా వేలాడుతూ.

భోజనాల వేళ దాటాక ఇనోకే వచ్చాడు. చేతిలో చెరకు లారీలోంచి వైర్లతో సహా ఊడదీసిన కప్లర్ ఒకటి ఉంది. బెంచీ దగ్గరికి తీసుకెళ్తే జైకరణ్ తొందరలో లాగి ఒక లాకు అప్పటికే విరగ్గొట్టాడు. ఇంకొకటి మిగిలింది. అదీ విరిగితే ఇలాంటిది ఈ దీవిలో దొరకదు, లారీ మిల్లు గేటు బయట ఆగిపోయి ఉంది.

"తవలే," అన్నాడు ఇనోకే, పక్కన గొంతుక్కూర్చుని. "దీన్ని ఎలా తీయాలో చూపించు. నువ్వు చెయ్యక్కర్లేదు. నువ్వు చెప్పు, నేను చేస్తాను. రంగులు నేను చూస్తాను. రోజూ ఇలాగే చేద్దాం, వాడికి తెలియనక్కర్లేదు. నువ్వు చెప్పు, చాలు."

పర్మానంద్ కప్లర్ వైపు చూశాడు. లాకు నాలుక ఎక్కడ పట్టుకుందో, ఎంత నెట్టాలో, ఎటునుంచి రేకు పెట్టాలో, అంతా చూడగానే తెలిసిపోయింది. ఇనోకే ముఖం అతనికి చాలా దగ్గరగా ఉంది. ఆ ముఖంలో వేళాకోళం లేదు.

"కోసెయ్," అన్నాడు పర్మానంద్.

"ఏమన్నావ్?"

"కోసెయ్ ఇనోకే. ఎందుకంత కష్టం?"

ఇనోకే కదల్లేదు. వినపడలేదేమో అన్నట్టు కప్లర్‌ని ఇంకాస్త ముందుకి చాపాడు, రెండు చేతుల్లోనూ పెట్టుకుని. పర్మానంద్ దాన్ని తీసుకోలేదు. అది ఇనోకే చేతుల్లో ఉండగానే కత్తెర చాపి, వైర్లన్నీ ఒక్కసారిగా కోసేసి, మళ్ళీ తన ఒళ్ళో ఉన్న కట్ట మీదికి వంగాడు.